ఎమ్డెన్ కెప్టెన్ మంచివాడా, గడుసువాడా?

మా అమ్మమ్మ వాళ్లది పాత వాషర్‌మన్‌పేట. వీధిలో ఏ కుర్రాడైనా నోట్లో వేలు పెడితే కొరకలేనట్టు కనిపిస్తూనే వెనకనుంచి తన పని కానిచ్చుకుని వచ్చాడంటే, "వాడా? వాడు ఎమ్డెన్ గాడురా" అనేది. అది తిట్టో మెచ్చుకోలో ఆవిడ ముఖం చూస్తే తప్ప తెలిసేది కాదు. చాలాకాలం అది యముడికి సంబంధించిన మాటేమో అనుకున్నాను. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం మాట్లాడుకునే మాలాంటివాళ్లకి, నోట్లో తిరిగే మాట ఏ భాషదో అడిగే అలవాటు ఉండదు. అదొక జర్మన్ యుద్ధనౌక పేరని తెలిసేసరికి నా ప్లస్ టూ అయిపోయింది.

1914లో ఒక రాత్రి మద్రాసు తీరానికి, పట్టుమని అరగంట కూడా నిలవకుండా వచ్చి వెళ్లిపోయిన ఓడ అది. తమిళంలో ఆ పేరు గడుసువాడికి మారుపేరైంది. కొన్ని ఇళ్లలో, పిల్లలు పేరు వింటేనే వణికే తండ్రికి కూడా. సింహళంలోకీ వెళ్లింది. మలయాళంలో భారీగా ఉన్నదాన్ని "ఎమండన్" అనడం కూడా దీన్నుంచే వచ్చిందని చెబుతారు. యుద్ధంలో గెలిచినవాళ్ల ఓడల పేర్లు ఇక్కడ ఒక్కరికీ గుర్తులేవు.

ఈ మధ్య ఆ ఓడ మళ్లీ నా నెత్తినెక్కడానికి కారణం వడపళనిలో ఉండే ఒక తమ్ముడు. సూళ్లూరుపేట నుంచి వచ్చి పదేళ్లుగా సినిమాల్లో అసోసియేట్ డైరెక్టర్‌గా పనిచేస్తున్నాడు, ఇప్పుడు సొంతంగా ఒక వెబ్ సిరీస్ రాసుకుంటున్నాడు. "విలన్‌ని హీరో చేస్తున్నా అన్నా" అంటూ మెస్‌లో భోజనం మధ్యలో మొదటి సీను చెప్పాడు. రాత్రి. సముద్రం. జర్మన్ కెప్టెన్ బైనాక్యులర్స్‌లో పట్నం దీపాలు చూస్తుంటాడు. పక్కనున్న అధికారి, "ఊరంతా నిద్రపోతోంది, పేల్చేద్దామా?" అంటాడు. కెప్టెన్ కళ్లు మూసుకుని, "మన యుద్ధం ఈ జనంతో కాదు" అంటాడు. వెనక వయొలిన్.

"ఎలా ఉందన్నా?"

"వయొలిన్ బాగుంది" అన్నాను.

వాడు నొచ్చుకున్నాడు. నిజానికి ఆ సీను పూర్తిగా అబద్ధమేమీ కాదు. వందేళ్లుగా ఈ కెప్టెన్ గురించి వచ్చిన కథలన్నీ ఇంచుమించు ఇలాగే ఉన్నాయి: శత్రువే, కానీ పెద్దమనిషి. ఆ పెద్దమనిషితనం ఎంతవరకు నిజం, ఎంతవరకు చట్టం, ఎంతవరకు ఆయన గురించి రాసినవాళ్ల అవసరం అన్నదే చిక్కుముడి. అది విప్పాలంటే ముందు ఆ రాత్రి దగ్గరికే వెళ్లాలి.

1914 సెప్టెంబర్ 22. రాత్రి తొమ్మిది దాటింది. యుద్ధం మొదలై ఏడు వారాలైంది. బంగాళాఖాతంలో ఎమ్డెన్ తిరుగుతోందని, ఓడలు ముంచుతోందని వారం కిందే తెలిసిపోయింది. అయినా మద్రాసు దీపాలు ఆర్పుకోలేదు. అప్పట్లో లైట్‌హౌస్ హైకోర్టు భవనం గోపురం మీదే ఉండేది. అది కూడా వెలుగుతూనే ఉంది. ఎమ్డెన్ మాత్రం దీపాలన్నీ ఆర్పుకుని తీరానికి మూడు కిలోమీటర్ల దాకా వచ్చింది. సర్చ్‌లైట్ వేసి హార్బరు పక్కన బర్మా ఆయిల్ కంపెనీ ట్యాంకులు ఎక్కడున్నాయో చూసుకుంది. సుమారు 125 గుండ్లు పేల్చింది. లక్షల గ్యాలన్ల నూనె తగలబడింది. తీరంలోని ఫిరంగులు తిరిగి పేల్చాయి కానీ ఓడకి ఒక్కటీ తగల్లేదు. కొన్ని గుండ్లు ట్యాంకులు దాటి ఊళ్లో పడ్డాయి, ఒకటి హైకోర్టు ఆవరణలో. హార్బరులో లంగరేసి ఉన్న చుప్రా అనే వర్తక ఓడకి దెబ్బ తగిలి అందులో పనిచేసేవాళ్లు కొందరు చనిపోయారు.

కథల్లో ట్యాంకుల మంట ఎప్పుడూ ఉంటుంది. చుప్రా దాదాపు ఎప్పుడూ ఉండదు.

మరి ఊరి మీద పేల్చకూడదన్న జాలి? కెప్టెన్ కార్ల్ ఫోన్ ముల్లర్ తన అధికారిక నివేదికలో ఎందుకు పేల్చాడో తనే చెప్పుకున్నాడు. ఇండియా జనంలో ఒక కదలిక తేవడానికి, ఇంగ్లీషువాళ్ల వ్యాపారాన్ని చెదరగొట్టడానికి, వాళ్ల పరువు తగ్గించడానికి. అంటే ఆయన గురి జనం చూపు మీద. జనాన్ని చంపితే ఆ పని చెడుతుంది. నూనె తగలబెడితే ఊరంతా మిద్దెలెక్కి చూస్తుంది. ఆ లెక్కలో జాలి కూడా ఉండొచ్చు. కానీ లెక్క మాత్రం కచ్చితంగా ఉంది. 1907 హేగ్ ఒప్పందం ప్రకారం రక్షణ లేని ఊళ్ల మీద ఓడల నుంచి కాల్పులు జరపకూడదు. కోట, ఫిరంగులు ఉన్న మద్రాసుకి ఆ మినహాయింపు రాదు. నూనె ట్యాంకులు ఎలాగూ యుద్ధానికి పనికొచ్చే సరుకే. ముల్లర్ ఈ నిబంధనలు బాగా తెలిసిన మనిషి.

లెక్క ఫలించింది. ఊళ్లో భయం పాకింది. పెట్టెలు బేడలు సర్దుకుని జనం రైలు స్టేషన్ల మీద పడ్డారు. బంగాళాఖాతంలో ఓడల రాకపోకలు కొన్ని వారాల పాటు చిందరవందరయ్యాయి, ఓడల బీమా రేట్లు పెరిగిపోయాయి. తెలుగువాళ్లకి ఇక్కడొక సంగతి ఉంది. కాశీనాథుని నాగేశ్వరరావు గారు ఆంధ్రపత్రికని దినపత్రికగా మద్రాసులో మొదలుపెట్టింది ఆ ఏడాది ఏప్రిల్ 1న. పేపరుకి ఆరో నెల నడుస్తుండగా యుద్ధం ఊరి హార్బరుకే వచ్చేసింది.

తమ్ముడు ఇదంతా విని, "అయితే నా కెప్టెన్‌కి ఏం కావాలన్నా? మోటివ్ ఏంటి?" అన్నాడు. సినిమావాళ్ల ప్రశ్నే గానీ సరైన ప్రశ్న. నా జవాబు వాడికి నచ్చలేదు: బొగ్గు.

ఎమ్డెన్ 1908లో డాన్‌జిగ్‌లో నీళ్లలోకి దిగిన చిన్న క్రూజర్. పది 10.5 సెంటీమీటర్ల ఫిరంగులు, 24 నాట్ల దాకా, అంటే గంటకి దాదాపు 44 కిలోమీటర్ల వేగం, 360 మంది దాకా మనుషులు. చైనా తీరంలో జర్మన్ల చేతిలో ఉన్న చింగ్‌టావ్ దాని స్థావరం. యుద్ధం మొదలవగానే ఆ తూర్పాసియా దళం మొత్తానికి అధిపతి అయిన అడ్మిరల్ స్పే తన ఓడలన్నీ పసిఫిక్‌లోని పగాన్ దీవి దగ్గర కూడగట్టాడు. ఆగస్టు 13న కెప్టెన్లతో సమావేశం. దళమంతా తూర్పుకి, దక్షిణ అమెరికా వైపు పోవాలన్నది స్పే ఆలోచన. హిందూ మహాసముద్రంలోకి కనీసం ఒక్క ఓడనైనా పంపండి అన్నది ముల్లర్. స్పే ఒప్పుకున్నాడు. ఎందుకు ఒక్కటే? బొగ్గుతోనే నడిచే కాలం అది. దారిలో జర్మన్లకి ఒక్క రేవు లేదు. అన్ని ఓడల ఆకలి తీర్చేంత బొగ్గు హిందూ మహాసముద్రంలో దొరకదు. ఒక్క ఓడైతే దోచుకు తిని బతకగలదు.

ఇక్కడే కథకీ నిజానికీ దారులు విడిపోతాయి. కథలో కెప్టెన్‌కి ఒక శత్రువు కావాలి, ఎదురుగా నిలబడి కళ్లలోకి చూసేవాడు. ఈ కెప్టెన్‌కి మాత్రం మూడు నెలల పాటు ప్రతిరోజూ కావలసింది బొగ్గే. పోరాటం అంటే ఆయనకి భయం. ధైర్యం లేక కాదు. గెలిచినా సరే ఒక్క గట్టి దెబ్బ తగిలితే బాగు చేసుకోవడానికి చోటే లేదు. కాబట్టి ఆయన వృత్తి నైపుణ్యమంతా యుద్ధం తప్పించుకోవడంలోనే ఉంది.

బొగ్గు నింపుకోవడం ఎలా ఉంటుందో ఒక్కసారి ఊహించండి. నడిసముద్రంలో రెండు ఓడల్ని పక్కపక్కన కడతారు. అలలకి రెండూ ఒకదాన్నొకటి గుద్దుకుంటుంటాయి. గోనెసంచుల్లో బొగ్గెత్తి, తాళ్లతో ఇటు దింపి, పారలతో కిందికి తోస్తారు. సెప్టెంబరు ఎండ. ఒంటి మీద గుడ్డ నిలవదు. బొగ్గు ధూళి చెమటతో కలిసి నల్లటి ముద్దలా ఒంటికి అంటుకుపోతుంది. అడుగున గదులు నిండాక మిగిలింది డెక్ మీదే గుట్టలుగా పోస్తారు. ఫిరంగుల మధ్య, నడిచే దారిలో, పడుకునే చోట. మళ్లీ ఎప్పుడు దొరుకుతుందో తెలియదు కదా. దొరికిన బొగ్గు కూడా అంతా ఒకటి కాదు. మన దేశం బొగ్గులో బూడిద పాలెక్కువ, సింగరేణి ఊళ్లవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. అది వేస్తే పొగ ఎక్కువ, మసి ఎక్కువ, వేగం తక్కువ. దాక్కుని తిరిగే ఓడకి పొగే పెద్ద చాడీకోరు. అందుకే సెప్టెంబర్ 27న వేల్స్ బొగ్గుతో నిండిన బ్యూరెస్క్ అనే బ్రిటిష్ ఓడ చేతికి చిక్కినప్పుడు వాళ్లకి పండగే. ఆ ఓడని ముంచలేదు, వెంట ఉంచుకున్నారు. దాని పేరు గుర్తుంచుకోండి, చివర్లో మళ్లీ వస్తుంది.

మసి సంగతి వచ్చింది కాబట్టి సబ్బు సంగతి. బంగాళాఖాతంలోకి రాగానే సెప్టెంబర్ 10న పట్టుకున్న ఇండస్ అనే ఓడలో పెట్టెల కొద్దీ సబ్బు ఉంది. బొగ్గు మోసి మోసి సబ్బుకి మొహం వాచిన నావికులు ఎగబడ్డారు. సంగతి బయటికి పొక్కాక కలకత్తాలో ఒక సబ్బు కంపెనీ, మా సబ్బు ఆ ఓడలో ఉందని ఎమ్డెన్‌కి ముందే తెలిసి ఉంటుందన్నట్టు పేపర్లో ప్రకటన వేసుకుంది. యుద్ధం మధ్యలో శత్రువు ఓడని మోడల్‌గా పెట్టుకున్నారన్నమాట. ఇంత మంచి సీను ఏ స్క్రిప్టులోనూ ఎందుకు లేదో నాకర్థం కాదు.

మోసానికీ లోటు లేదు. ఎమ్డెన్‌కి పొగగొట్టాలు మూడు. నాలుగో దాన్ని గుడ్డతో, కర్రలతో కట్టించారు, దూరం నుంచి బ్రిటిష్ క్రూజర్‌లా కనిపించడానికి. ఆ ఆలోచన ముల్లర్ కింద రెండో స్థానంలో ఉన్న హెల్ముట్ ఫోన్ మ్యూకెది. దొంగ వేషంతో దగ్గరికెళ్లి, పేల్చే ముందు సొంత జెండా ఎత్తితే అప్పటి యుద్ధ మర్యాద ప్రకారం తప్పు కాదు. గీత ఎక్కడుందో ముల్లర్‌కి తెలుసు, సరిగ్గా దాని అంచు మీదే నడిచాడు.

అక్టోబర్ 28 తెల్లవారుజామున పెనాంగ్ రేవులోకి ఆ నాలుగో గొట్టంతోనే దూరాడు. లోపల రష్యన్ క్రూజర్ జెమ్‌చుగ్ ఉంది, దాని కెప్టెన్ ఒడ్డున ఉన్నాడు, నావికులు చాలామంది నిద్రలో ఉన్నారు. జర్మన్ జెండా ఎగిరింది, టార్పెడో వెళ్లింది. ఎనభై మందికి పైగా చనిపోయారు. బయటికి వస్తూ ఎదురుపడిన ఫ్రెంచి డిస్ట్రాయర్ మూస్కేని కూడా ముంచాడు. వెంటనే ఆగి, దాని నావికుల్లో బతికి ఉన్న 36 మందిని నీళ్లలోంచి పైకి తీయించాడు. ఈ ఉదయంలో ఏ సగం తీసుకుంటే ఆ కెప్టెన్ దొరుకుతాడు. పెద్దమనిషి కావాలంటే రెండో సగం. గడుసువాడు కావాలంటే మొదటి సగం. మా అమ్మమ్మ మాటలో మాత్రం రెండూ ఇరికాయి.

సరే, పెద్దమనిషి అన్న పేరు ఎవరు పెట్టారు? జర్మన్లు కాదు, మొదట ఇంగ్లీషువాళ్లే. వర్తక ఓడని ఆపడం, మనుషుల్ని దించడం, ఆ తర్వాతే ముంచడం ఆ రోజుల్లో నియమం. ముల్లర్ దాన్ని తూచ తప్పకుండా పాటించాడు, ఇంకొంచెం ముందుకీ వెళ్లాడు. కాబింగా అనే ఓడలో కెప్టెన్ భార్య, బిడ్డ ఉన్నారు. అందులో సరుకు కూడా యుద్ధంలో లేని అమెరికావాళ్లది. దాన్ని ముంచకుండా, మిగతా ఓడల నుంచి పట్టుకున్న మనుషులందరినీ అందులోకి ఎక్కించి కలకత్తాకి వదిలేశాడు. విడిపోయేటప్పుడు ఆ బందీలు ఎమ్డెన్ వైపు తిరిగి మూడుసార్లు జేజేలు కొట్టారు. వాళ్లు ఒడ్డుకొచ్చి చెప్పిన కబుర్లే పేపర్లకెక్కాయి. బ్రిటిష్ పత్రికలు ఈ శత్రువుని ఆటలో మంచి ప్రత్యర్థిని మెచ్చుకున్నట్టు మెచ్చుకున్నాయి. అలా మెచ్చుకోవడంలో వాళ్ల సుఖమూ ఉంది. డజన్ల కొద్దీ ఓడలు వెతుకుతున్నా ఒక్కడు చిక్కట్లేదంటే, వాడు అసాధ్యుడని ఒప్పుకోవడం మనవాళ్లు చేతకానివాళ్లని ఒప్పుకోవడం కన్నా నయం.

1915 మే నెలలో జర్మన్ జలాంతర్గామి ముందు మాట చెప్పకుండానే లూసిటానియా అనే ప్రయాణికుల ఓడని ముంచింది. దాంతో ముల్లర్ వెలుగు ఇంకా పెరిగింది. కొత్త జర్మన్ ఎంత చెడ్డవాడో చూపించాలంటే పక్కన ఒక పాత మంచి జర్మన్ ఉండాలి కదా.

జర్మనీలో కథ ఇంకోలా కట్టారు. ముల్లర్ తన గొప్ప గురించి ఒక్క పుస్తకమూ రాయలేదు. 1915లోనే రాసి ఊపేసినవాడు మ్యూకె. విచిత్రం ఏంటంటే, ఎమ్డెన్ చివరి యుద్ధం జరిగినప్పుడు మ్యూకె ఆ ఓడలోనే లేడు. తర్వాత టార్పెడో అధికారి ఫ్రాంజ్ జోసెఫ్ రాశాడు, ఆయన హోహెన్‌జొల్లెర్న్ రాజవంశం మనిషి. ఈ ఇద్దరి కళ్లతోనే లోకం ముల్లర్‌ని చూసింది. కింది అధికారులు రాసే జ్ఞాపకాల్లో కెప్టెన్ ఎప్పుడూ కొంచెం ఎత్తుగానే ఉంటాడు. తక్కువ మాట్లాడతాడు, ఓడని నడిపించే ఎత్తైన చోట ఒంటరిగా నిలబడతాడు. మాట్లాడని మనిషి గురించి ఎవరు ఏం రాసినా చెల్లుతుంది. మా తమ్ముడి స్క్రిప్టులో కెప్టెన్ కళ్లు మూసుకోవడం కూడా ఆ వారసత్వమే.

సినిమాలు అంతకన్నా తమాషా. 1926లో జర్మన్లు ఈ ఓడ మీద ఒక మూకీ చిత్రం తీశారు. దాని హక్కులు కొని ఆస్ట్రేలియావాళ్లు జర్మన్ భాగం అలాగే ఉంచి, తమ వైపు కథని, చివర్లో ఎమ్డెన్‌ని ఓడించిన సిడ్నీ అనే తమ యుద్ధనౌక మీద కొత్తగా చిత్రీకరించి అతికించి 1928లో విడుదల చేశారు. ఒకే సినిమాలో ఇద్దరు శత్రువులు, ఇద్దరూ ఎవరి దేశానికి వాళ్లు హీరోలు. చరిత్ర మీద అల్లిన కథలన్నీ ఇలాంటి అతుకులేనేమో, కాకపోతే మిగతావాటిలో కుట్టు కనిపించదు.

మనవైపు అతికించిన ముక్క ఇంకొకటి ఉంది. తమిళనాట చాలామంది గట్టిగా నమ్మేదేంటంటే, తిరువనంతపురంలో పుట్టిన విప్లవకారుడు చెంపకరామన్ పిళ్లై ఆ రాత్రి ఎమ్డెన్‌లో ఉన్నాడని, ఎక్కడ పేల్చాలో ఆయనే చూపించాడని. తమ్ముడి రెండో ఎపిసోడ్ అదే. పిళ్లై నిజమైన మనిషే, జర్మనీ నుంచి బ్రిటిష్ వాళ్ల మీద పోరాడినవాడే. కానీ 1914లో ఆయన ఉన్నది యూరప్‌లో, జూరిక్‌లోనూ ఆ తర్వాత బెర్లిన్‌లోనూ. ఎమ్డెన్ చింగ్‌టావ్ నుంచి పసిఫిక్ మీదుగా వచ్చింది. మధ్యలో ఆయన ఎక్కడానికి రేవు లేదు. అయినా ఈ నమ్మకం పోదు, ఎందుకు పోదో నాకు అర్థమవుతుంది. మన ఊరి మీద మనకి సంబంధం లేని ఇద్దరు కొట్టుకుని వెళ్లిపోయారంటే మనసొప్పదు. ఆ ఓడలో మనవాడు ఒక్కడైనా ఉంటే బాగుండనిపిస్తుంది. కథ చేసే పనే అది. సీను తీసేయమని నేను వాడికి చెప్పలేదు. చరిత్ర అని మాత్రం వేయొద్దన్నాను.

ఇది జర్మన్ల ఓడకే పట్టిన జబ్బు కాదు. 1971లో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ సంగతి తెలుగువాళ్లందరికీ తెలుసు. మన విమానవాహక నౌక విక్రాంత్ కోసం అది ముందు వెతికింది మద్రాసు తీరంలోనే. అప్పటికే విక్రాంత్ అండమాన్ వైపు వెళ్లిపోయింది. తూర్పు నౌకాదళ అధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్ అది విశాఖలోనే ఉందని నమ్మించే ఎత్తు వేశాడు, రాజ్‌పుత్ అనే పాత నౌకని విక్రాంత్‌లా నటింపజేశాడు. డిసెంబర్ 3 అర్ధరాత్రి దాటే వేళకి విశాఖ రేవు బయట ఘాజీ పేలిపోయింది, తొంభై మందికి పైగా అందులోనే ఉండిపోయారు. రాజ్‌పుత్ నీళ్లలోకి వదిలిన డెప్త్ చార్జ్ బాంబుల వల్లా, ఘాజీ తనే పరిచిన మైన్ల వల్లా, లోపల జరిగిన పేలుడు వల్లా అన్నది ఇప్పటికీ తేలని తగువే. 2017లో వచ్చిన తెలుగు సినిమాలో మాత్రం నీళ్లడుగున రెండు జలాంతర్గాములు, ఇద్దరు కెప్టెన్లు, ఎత్తుకి పైఎత్తు. నేను రెండుసార్లు చూశాను, రెండుసార్లూ టెన్షన్ పడ్డాను. కానీ అసలు కథలో నాకు ఎక్కువ వణుకు పుట్టించేది, ఎదురుగా ఎవరూ లేని నీళ్లలో ఉత్త మాటల్ని నమ్మి వెతుకుతూ వచ్చిన కమాండర్ జఫర్ మహమ్మద్ ఖాన్ పరిస్థితి. ఆ ద్వంద్వయుద్ధంలో రెండోవాడు లేడు.

ముల్లర్ కథలో రెండోవాడు వచ్చాడు, మరీ ఆలస్యంగా. నవంబర్ 9 ఉదయం ఎమ్డెన్ హిందూ మహాసముద్రంలో కోకోస్ దీవుల్లోని డైరెక్షన్ ఐలండ్ దగ్గర ఆగింది. అక్కడి సముద్రగర్భ టెలిగ్రాఫ్ కేబుల్, వైర్‌లెస్ కేంద్రాన్ని పాడు చేయడానికి మ్యూకె వెంట యాభై మందిని ఒడ్డుకి పంపాడు. కేంద్రంలో వాళ్లు అప్పటికే కొత్త ఓడేదో వచ్చిందని సందేశం కొట్టేశారు. తర్వాత మర్యాదగా లొంగిపోయి, వైర్‌లెస్ స్తంభాన్ని మా టెన్నిస్ కోర్టు మీద మాత్రం పడేయకండి అని అడిగారట. జర్మన్లు సరేనని పక్కకి కూల్చారట. కల్పించినా ఇంత బాగా రాదు.

ఆ సందేశం తొంభై ఆరు కిలోమీటర్ల దూరంలో పోతున్న ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ సైనికుల ఓడల గుంపుకి అందింది. కాపలా ఉన్న సిడ్నీ విడిపడి వచ్చింది. ఎమ్డెన్ మీదివాళ్లకి దూరంగా పొగ కనిపించింది. ముల్లర్ కంగారు పడలేదు. తన బ్యూరెస్క్‌ని రమ్మని వైర్‌లెస్‌లో పిలిచి ఉన్నాడు. ఆ పొగ తన బొగ్గు ఓడదే అనుకున్నాడు.

మూడు నెలలు ఏ బొగ్గు కోసం బతికాడో ఆ బొగ్గు కోసం చూస్తూనే దొరికిపోయాడు. వచ్చే ఓడ స్తంభాలు, పొగగొట్టాలు స్పష్టంగా కనిపించేసరికి ఒడ్డున ఉన్న యాభై మందిని వెనక్కి పిలిచే వ్యవధి లేదు. వాళ్లని వదిలేసి బయల్దేరాడు. మొదట ఎమ్డెన్ గుండ్లే గురిగా తగిలాయి. కానీ సిడ్నీవి ఆరంగుళాల ఫిరంగులు, ఎమ్డెన్‌వి నాలుగంగుళాలు దాటి కొంచెం. సిడ్నీ కెప్టెన్ గ్లాసప్ దూరం జరిగి, వీళ్ల గుండ్లు సరిగా అందనిచోట నిలబడి కొట్టాడు. గంటన్నర దాటాక, గొట్టాలు కూలి, మనుషులు పోయి, ముల్లర్ ఓడని నార్త్ కీలింగ్ దీవి పగడపు దిబ్బల మీదికి ఎక్కించేశాడు. మిగిలినవాళ్లనైనా బతికించుకోవడానికి.

పెద్దమనుషుల కథలు ఇక్కడితో ఆగిపోతే బాగుండును. సిడ్నీ బ్యూరెస్క్ వెంట పడి, సాయంత్రానికి తిరిగొచ్చి చూస్తే ఎమ్డెన్ మీద జెండా ఇంకా ఎగురుతోంది. లొంగిపోతారా అని సంకేతం పంపారు. సంకేతాల పుస్తకాలు జర్మన్లు అప్పటికే పారేశారు, జవాబు రాలేదు. గ్లాసప్ మళ్లీ కాల్చాడు. కదలలేని ఓడ మీద ఇంకొందరు పోయాక జెండా దిగింది. జర్మన్ కథల్లో ఇది క్రూరత్వం, ఆస్ట్రేలియా కథల్లో ఒక బరువైన విధి. జెండా దించమని ముల్లర్ ముందే ఎందుకు చెప్పలేదన్న ప్రశ్న రెండు వైపులా ఎవరూ పెద్దగా అడగరు. ఎమ్డెన్‌లో చనిపోయినవాళ్లు 134 మంది. సిడ్నీలో నలుగురు. గ్లాసప్ ముల్లర్ కత్తిని ఆయన దగ్గరే ఉంచనిచ్చాడు. ఆ సీను మాత్రం ఎవరూ వదలరు.

ఒడ్డున మిగిలిపోయిన మ్యూకె అయేషా అనే పాత తెరచాప ఓడ ఎక్కి, అరేబియా ఎడారి దాటి, 1915లో ఇస్తాంబుల్ చేరాడు. అది వేరే సినిమా. ముల్లర్ మాల్టాలో, తర్వాత ఇంగ్లండ్‌లో ఖైదీగా ఉన్నాడు. 1917లో ఇరవై మందిని వెంటబెట్టుకుని సొరంగం గుండా పారిపోయి మళ్లీ పట్టుబడ్డాడు. కుర్రతనంలో తూర్పు ఆఫ్రికాలో అంటుకున్న మలేరియా ఆయన్ని ఎప్పుడూ వదల్లేదు. 1923లో నలభై తొమ్మిదేళ్లకే పోయాడు.

పోయిన ఆదివారం తమ్ముడూ నేనూ ప్యారీస్ కార్నర్‌లో బస్సు దిగి హైకోర్టు గోడ వెంట నడిచాం. తూర్పు వైపు ప్రహరీకి, గుండు పడినచోట, ఒక రాతిపలక ఉంది. దాని ముందు నిలబడి వాడు ఫోన్‌లో ఫొటో తీసుకున్నాడు. హార్బరు వైపు తిరిగి చూశాడు. ఇప్పుడక్కణ్నించి సముద్రం కనబడదు, కంటైనర్ లారీలే.

"మొదటి సీను మార్చేశానన్నా" అన్నాడు. "బొగ్గు మోయడంతో మొదలవుతుంది. కెప్టెన్ కూడా మసి కొట్టుకుని ఉంటాడు, ఎవరో గుర్తుపట్టలేం. తర్వాత సబ్బు."

"ప్రొడ్యూసర్ ఏమన్నాడు?"

"హీరో ఎంట్రీ ఎక్కడ అని అడిగాడు." కొంచెంసేపాగి, "చుప్రాలో పోయినవాళ్ల పేర్లు ఎక్కడైనా దొరుకుతాయా అన్నా?" అన్నాడు.